చర్మ లింఫోమాకి లైట్ థెరపీ, ఇమ్యూన్ మందు రెండూ కలిపి నడిపించుకోవడం ఎలా

మైకోసిస్ ఫంగాయిడీస్ (చర్మంలో పట్టే ఒక రకం లింఫోమా, అంటే తెల్ల రక్త కణాల క్యాన్సర్) అని తేలింది, కొన్ని నెలలుగా లైట్ థెరపీకి తిరుగుతున్నారు, మచ్చలు సగం తగ్గి అక్కడే ఆగిపోయాయి, ఇప్పుడు డాక్టర్ "దీనికి తోడు ఇంటర్‌ఫెరాన్ మొదలుపెడదాం" అన్నారు. అది రోగనిరోధక వ్యవస్థని లేపే ఇంజెక్షన్. లేదంటే బెక్సరోటిన్ మాత్రలు అన్నారు. ఇంటికొచ్చి వెతికితే ఒకచోట అద్భుతం అని రాసుంది, ఇంకోచోట ఒళ్లు గుల్లయిపోతుందని రాసుంది. ఇది మీలాంటివాళ్ల కోసమే. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టర్ తేల్చాల్సిన విషయం, దాని జోలికి నేను వెళ్లను. మొదలుపెట్టాక ఈ రెండింటినీ ఒకదానికొకటి అడ్డం పడకుండా ఎలా నడిపించుకోవాలన్నదే ఇక్కడ చెబుతాను.

లైట్ ఒక గదిలో ఇస్తారు, మందు ఇంకో గదిలో రాస్తారు, రక్తపరీక్షలు మూడోచోట చేస్తారు. లైట్ పెట్టేవాళ్లకి మీ ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే కొవ్వు) ఎంతొచ్చాయో తెలియదు. మందు రాసే డాక్టరుకి మొన్న లైట్ తర్వాత మీ వీపు కమిలిందని తెలియదు. మంచి మందు, మంచి మెషీన్ రెండూ ఉండి కూడా ఈ కాంబినేషన్ చెడేది చాలావరకు ఇక్కడే. కాబట్టి ఇవాళే ఒక నోట్‌బుక్ కొనండి. లైట్ తేదీలు, డోసు, ఇంజెక్షన్ తేదీలు, పరీక్షల అంకెలు, ఒంట్లో ఎలా ఉందో అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో ఉండాలి. లైట్‌కి ఒక కార్డు, మందుకి ఒక ఫైలు అని విడివిడిగా పెట్టుకుంటే ఉపయోగం సగం పోయినట్టే. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు గానీ పుస్తకమైతే డాక్టర్ ముందు తెరిచి పెట్టొచ్చు, ఆయన చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తారు.

మొదటి పని: రెండూ నిజంగా కావాలా అని అడగడం

మచ్చలు పల్చగా, చదునుగా, ఒంట్లో పది శాతం కంటే తక్కువ చోట ఉంటే దాన్ని 1ఏ దశ అంటారు. మీ అరచేయి, వేళ్లతో సహా, మీ ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం. దాంతో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. ఈ దశలో చాలామందికి పైపూత మందులో, న్యారోబ్యాండ్ యూవీబీ (అల్ట్రావయొలెట్ కాంతిలో ఒక రకం) లైట్ ఒక్కటో సరిపోతుంది. అంతమాత్రానికి ఇంజెక్షన్ తగిలించి జ్వరాలు తెచ్చుకోవాల్సిన పని లేదు. పది శాతం, ఆపైన ఉంటే 1బీ, లింఫ్ గ్రంథులు కూడా ఉబ్బి ఉంటే 2ఏ, సెంటీమీటరు లేదా అంతకు మించిన గడ్డ లేస్తే 2బీ, ఒళ్లు ఎనభై శాతం, ఆపైన ఎర్రబడిపోతే 3. మీ రిపోర్టులో దశ రాసి లేకపోతే అడిగి రాయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

మందు కలపాలన్న ఆలోచన సాధారణంగా ఈ సందర్భాల్లో వస్తుంది. రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా లైట్ తీసుకున్నా మచ్చలు కదలనప్పుడు. మచ్చలు దళసరిగా, చేత్తో తడిమితే గట్టిగా తగులుతున్నప్పుడు. జబ్బు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ పట్టినప్పుడు, ఎందుకంటే అది లోతుగా ఉంటుంది, లైట్ అక్కడి దాకా సరిగా దిగదు. లైట్ ఆపిన కొద్దిరోజులకే మళ్లీ మళ్లీ తిరగబెడుతున్నప్పుడు.

డాక్టర్ని రెండు ప్రశ్నలు అడగండి. "నాకు దీన్ని ఎందుకు కలుపుతున్నారు?" "ఏం కనిపిస్తే ఆపేస్తారు?" జవాబులు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. రెండో ప్రశ్న చాలామంది అడగరు, అడగకపోతే ఏమవుతుందంటే ఆరు నెలలు గడిచాక కూడా మందు పనిచేస్తోందా లేదా అని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, అలవాటుగా సాగిపోతూ ఉంటుంది.

కలిపితే అసలేం జరుగుతుంది

ఈ జబ్బు టీ కణాలది. అంటే మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్త కణాల్లోనే ఒక గుంపు చెడిపోయి చర్మంలో చేరి కూర్చుంటుంది. అల్ట్రావయొలెట్ కాంతి పడినప్పుడు పైపొరల్లో ఉన్న ఈ కణాలు చచ్చిపోతాయి. న్యారోబ్యాండ్ యూవీబీ 311 నానోమీటర్ల దగ్గర పనిచేసే కాంతి, ఇది పైపైనే ఉంటుంది, పల్చటి మచ్చలకి బాగా సరిపోతుంది. పూవా అంటే సోరాలెన్ అనే మందు మింగి, ఆ తర్వాత యూవీఏ కాంతిలో నిలబడడం. ఇది ఇంకాస్త లోతుకి వెళ్తుంది కాబట్టి దళసరి మచ్చలకి దీన్ని ఎంచుకుంటారు. ఈ జబ్బులో పూవా ఫలితాలు మొదట 1976లో వచ్చాయి, కాబట్టి ఇదేమీ నిన్న మొన్నటి ప్రయోగం కాదు.

ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా చేసేది వేరే పని. చెడ్డ టీ కణాలు చుట్టూ ఉన్న రోగనిరోధక వ్యవస్థని తమకి అనుకూలంగా మందగింపజేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ దాన్ని మళ్లీ క్యాన్సర్ కణాల మీదకి లేపుతుంది. కాంతి పడని చోటికి కూడా రక్తం ద్వారా చేరుతుంది. బెక్సరోటిన్, ఎసిట్రెటిన్ అనేవి రెటినాయిడ్లు, విటమిన్ ఏ కుటుంబానికి చెందినవి, వీటిని కూడా ఇదే కోవలో వేసి రోగనిరోధక స్పందనను మార్చే మందులుగా చూస్తారు.

మరి లెక్కలేమంటున్నాయి? 1998లో అచ్చయిన ఒక ట్రయల్‌లో 1, 2 దశల వాళ్లని రెండు గుంపులు చేశారు. ఇంటర్‌ఫెరాన్‌తో పూవా తీసుకున్నవాళ్లలో 70 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి, ఇంటర్‌ఫెరాన్‌తో ఎసిట్రెటిన్ తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి. చూడగానే సంబరపడతాం. కానీ ఇక్కడ పూవా ఒక్కటే తీసుకున్న గుంపు లేదు, కాబట్టి ఇంటర్‌ఫెరాన్ ఎంత కలిసొచ్చిందో ఈ అంకె చెప్పదు, లైట్ ఎంత ముఖ్యమో మాత్రం చెబుతుంది. 2012లో వచ్చిన యూరప్ ట్రయల్ పూవా ఒక్కదాన్ని, పూవాతో బెక్సరోటిన్‌ని నేరుగా పోల్చింది. 93 మంది. పూర్తిగా తగ్గినవాళ్లు 22 శాతం, 31 శాతం. ఆ తేడాని గట్టి తేడాగా లెక్కవేయలేం, పైగా చాలినంతమంది చేరక ట్రయల్‌ని ముందే ఆపేశారు. కలిపినవాళ్లకి మాత్రం తక్కువ లైట్‌తో పని జరిగే సూచన కనిపించింది.

నా ఉద్దేశం ఇది: కాంబినేషన్‌ని అద్భుతంగా చూడకండి, అలాగని తీసిపారేయకండి. మొండికేసిన జబ్బుని కదిలించడానికి, మొత్తం మీద ఒంటి మీద పడే లైట్‌ని తగ్గించడానికి ఇది పనికొస్తుంది. ఆ పనికోసమే వాడుకోండి.

మొదలుపెట్టే ముందు

పరీక్షల జాబితా డాక్టర్ ఎలాగూ రాస్తారు. రక్తకణాల లెక్క, లివర్, థైరాయిడ్, హెపటైటిస్ బీ, సీ, రెటినాయిడ్ అయితే పరగడుపున కొవ్వుల పరీక్ష, పూవా అయితే కళ్ల పరీక్ష. మీరు చేయాల్సిందల్లా మొదటి అంకెల్ని నోట్‌బుక్‌లో ఎక్కించడం. రెండు నెలల తర్వాత లివర్ ఎంజైమ్ పెరిగిందంటే, దేని మీద పెరిగింది అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంటుంది.

మీరే నోరు తెరిచి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అడగలేదు కదా అని ఊరుకోకండి. ఎప్పుడైనా డిప్రెషన్‌కి మందులు వాడారా? ఇంటర్‌ఫెరాన్ దాన్ని తిరగదోడగలదు, కొందరిలో ఆత్మహత్య ఆలోచనల దాకా తీసుకెళ్తుంది, కాబట్టి ఇది దాచే విషయం కాదు. లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు, పోర్ఫిరియా, గతంలో మెలనోమా, అవయవ మార్పిడి, గుండె జబ్బు, ఇవన్నీ చెప్పండి, వీటిలో కొన్ని ఉంటే లైట్ కుదరదు, కొన్ని ఉంటే ఇంజెక్షన్ కుదరదు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు రెటినాయిడ్ల విషయంలో చాలా గట్టిగా ఉండాలి. బెక్సరోటిన్ ఆపిన తర్వాత కనీసం ఒక నెల, ఎసిట్రెటిన్ అయితే మూడేళ్లు గర్భం రాకూడదు. బిడ్డకి అంగవైకల్యం వచ్చే ప్రమాదం అంత ఉంది. బెక్సరోటిన్ మీద ఉన్న మగవాళ్లకి కూడా కండోమ్ వాడాలన్న సూచన ఉంటుంది.

ఇక మీరు వాడే మిగతా మందుల సంగతి. కాంతిని చర్మానికి ఎక్కువగా పట్టించేవి చాలానే ఉన్నాయి: డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, బీపీకి ఇచ్చే థయజైడ్ మాత్రలు, గుండెకి ఇచ్చే అమియోడరోన్, ఫంగస్‌కి ఇచ్చే గ్రిసియోఫుల్విన్, వోరికోనజోల్. ఇవి వాడకూడదని కాదు, లైట్ గదికి తెలియకుండా వాడకూడదు. మధ్యలో ఏ దగ్గో, మూత్రంలో మంటో వచ్చి ఇంకో డాక్టర్ యాంటీబయాటిక్ రాశారంటే, తర్వాతి సెషన్‌కి వెళ్లగానే మొదట చెప్పాల్సింది అదే. బావంచాల నూనె, పొడి లాంటివి బొల్లికి మంచివని ఎవరైనా ఇస్తే తీసుకోకండి, బావంచాల్లో ఉండేది సోరాలెనే. ఆసుపత్రి ఇచ్చే సోరాలెన్ మీద అది కూడా తోడైతే లెక్క తప్పి ఒళ్లు కాలుతుంది. విటమిన్ ఏ మాత్రలు కూడా రెటినాయిడ్‌తో వద్దు.

అన్నట్టు, "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, టానిక్‌లు. చెడిపోయింది ఇమ్యూన్ కణమే అయినప్పుడు ఏది పెరుగుతుందో తెలియకుండా పెంచడం దేనికి? డాక్టర్ ఇచ్చే ఇంటర్‌ఫెరాన్‌కీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు.

రెండింటినీ ఒకే రోజు మొదలుపెట్టకండి

డాక్టర్ ఒప్పుకుంటే రెండింటి మధ్య రెండు మూడు వారాలు ఎడం పెట్టించుకోండి. లైట్ ముందే నడుస్తుంటే సమస్యే లేదు, ఇంజెక్షన్ తర్వాత చేరుతుంది. కొందరు డాక్టర్లు జబ్బు తీరు చూసి ఒకేసారి మొదలుపెడతారు, అది వాళ్ల నిర్ణయం. కానీ అవకాశం ఉన్నప్పుడు ఎడం ఎందుకంటే, ఒకే వారంలో కొత్త లైట్, కొత్త ఇంజెక్షన్ రెండూ పడి ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేచాయనుకోండి, దేన్ని ఆపాలి? తెలియక రెండూ ఆపేస్తారు. అప్పుడు రెండు వారాలు వృథా, మళ్లీ మొదలుపెట్టాలంటే భయం.

రెటినాయిడ్‌కి ఇంకో మెలిక ఉంది. ఇది చర్మం పైపొరని పల్చబరుస్తుంది, అంటే నిన్నటిదాకా పడిన లైట్ డోసే ఇవాళ ఎక్కువైపోతుంది. లైట్ మధ్యలో ఎసిట్రెటిన్ గానీ బెక్సరోటిన్ గానీ చేరిస్తే, లైట్ డోసుని నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గించి మళ్లీ నెమ్మదిగా పెంచడం మామూలు పద్ధతి. ఇది జరగాలంటే మాత్ర మొదలైన తేదీ లైట్ గదికి తెలియాలి. ఆ కబురు మోసుకెళ్లేది మీరే.

లైట్ రోజు

యూవీబీ అయితే పెద్ద తతంగం లేదు. పూవా అయితే సోరాలెన్ మింగిన గడియారం దగ్గరే మొదలవుతుంది. మాత్ర రకాన్ని బట్టి గంటో, రెండు గంటలో ముందు వేసుకోవాలి, మీ మందుకి ఎంతన్నది చెప్పించుకుని ప్రతిసారీ అదే సమయం పాటించండి. ఖాళీ కడుపున వికారం చేస్తుంది. కొంచెం తిని వేసుకోండి, కానీ ఒకరోజు కొంచెం, ఒకరోజు కడుపునిండా అని మార్చకండి, మందు ఒంటికి పట్టే తీరు మారిపోతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట ఆలస్యంగా చేరితే ఆ సంగతి లోపలికి వెళ్లేముందే చెప్పండి.

మాత్ర వేసుకున్న క్షణం నుంచి 24 గంటలు యూవీఏని ఆపే కళ్లద్దాలు పెట్టుకునే ఉండాలి, బయట ఎండలోనే కాదు, కిటికీ పక్కన, కారులో కూడా. మామూలు అద్దంలోంచి యూవీఏ లోపలికి వచ్చేస్తుంది. చాలామంది ఇంటికి రాగానే తీసి టేబుల్ మీద పడేసేది వీటినే. కంటి లెన్స్ సంగతి కాబట్టి ఇక్కడ బద్ధకం పనికిరాదు. ఆ రోజంతా చర్మాన్ని కూడా బట్టతో కప్పుకోండి, ఎందుకంటే మెషీన్ ఇచ్చిన డోసు మీద ఎండ ఇచ్చే డోసు కూడా చేరుతుంది, అది ఎవరి కార్డులోనూ ఎక్కదు.

క్యాబినెట్ లోపల చుట్టూ నిలువు ట్యూబులు ఉంటాయి, ఫ్యాన్ హోరుమంటుంది, కళ్లకి నల్లటి గాగుల్స్. మగవాళ్లు అక్కడ మచ్చలు లేకపోతే జననాంగాన్ని కప్పుకోవాలి. ప్రతిసారీ ఒకే లోదుస్తులు వేసుకోండి. ఒకరోజు పొడుగు నిక్కరు, ఇంకోరోజు పొట్టిది వేసుకుంటే, ఇన్నాళ్లూ లైట్ చూడని తొడ భాగానికి ఒక్కసారిగా పెద్ద డోసు పడి కాలుతుంది. నగలు, గడియారం, తలకట్టు కూడా అంతే.

ఇక నీడలు. లైట్ నేరుగా పడిన చోటే పనిచేస్తుంది. చేతులు కిందికి వేలాడేసి నిలబడితే చంకలు నీడలో ఉంటాయి, పొట్ట కింది మడత, రొమ్ముల కింద, గజ్జలు, పిరుదుల మధ్య, జుట్టు కింద మాడు, ఇవన్నీ ఎప్పుడూ నీడలోనే. ఈ జబ్బుకి దాక్కోవడానికి ఇష్టమైన చోట్లు కూడా ఇవే. మిగతా ఒళ్లంతా తేటపడ్డాక ఇక్కడ మాత్రం మచ్చలు మిగిలిపోతే మందు పనిచేయలేదని అనుకోకండి, లైట్ తగల్లేదంతే. చేతులు పైకెత్తి నిలబడడం, ఒక కాలు ఎడంగా పెట్టడం, మడతల్ని చేత్తో పైకి పట్టుకోవడం, ఇవి లైట్ గదివాళ్లతో మాట్లాడి వాళ్లు చెప్పిన నిమిషాల మేరకు చేయండి. అలా అని మీ అంతట మీరు పొజిషన్లు మార్చేయకండి, ఎప్పుడూ ఎండ చూడని చర్మం తొందరగా కమిలిపోతుంది. అక్కడికి విడిగా పైపూత మందు ఇవ్వమని అడగొచ్చు. ఇంటర్‌ఫెరాన్ కలిపిన ప్రయోజనం కూడా ఇలాంటి చోట్లే ఎక్కువ కనిపించాలి, కాబట్టి ఈ మచ్చల్ని విడిగా గమనించండి.

యూవీబీ వారానికి మూడుసార్లు, పూవా రెండు మూడుసార్లు ఇవ్వడం మామూలు. యూవీబీ ఎరుపు ఒక రోజులోపే బయటపడుతుంది. పూవా ఎరుపు ఒకటి రెండు రోజుల తర్వాత మొదలై మూడు నాలుగు రోజులకి ముదురుతుంది, అందుకే పూవాని వరుస రోజుల్లో ఇవ్వరు, మీరూ "రేపు కూడా వచ్చేస్తాను, ఆ తర్వాత ఊరెళ్లాలి" అని బతిమాలకండి. చామనఛాయ, నల్లటి చర్మంలో ఎరుపు కంటికి సరిగా కనిపించదు. చేయి వెనకభాగంతో తాకితే వేడిగా ఉందా, బట్ట తగిలితే మంటగా ఉందా, రాత్రి పడుకుంటే వీపు చురుక్కుమందా, ఇవి చూసి చెప్పండి. "ఎర్రగా అయిందా?" అని అడిగితే "లేదు" అని వచ్చేస్తే సరిపోదు.

ఇంజెక్షన్ రోజు

ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాని వారానికి మూడుసార్లు, 30 లక్షల యూనిట్లు లేదా ఆ చుట్టుపక్కల డోసులో ఇచ్చేవారు. రోఫెరాన్-ఏ, ఇంట్రాన్-ఏ అనే పాత బ్రాండ్లు మార్కెట్లోంచి వెళ్లిపోయాయి, దాంతో చాలామంది డాక్టర్లు వారానికోసారి ఇచ్చే పెగిలేటెడ్ (ఒంట్లో ఎక్కువకాలం నిలిచేలా మార్చిన) ఇంటర్‌ఫెరాన్‌కి మారారు. పాతది యూనిట్లలో, కొత్తది మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. పాత చీటీ చూసి కొత్త సిరంజి లెక్కకట్టకండి.

సాయంత్రం పొద్దుపోయాక వేసుకోవడం మేలు. సూది పడిన కొన్ని గంటలకి చలి మొదలవుతుంది, దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకలాడతాయి, తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు, తెల్లారేసరికి చెమట పట్టి దిగుతుంది. రాత్రయితే అందులో సగం నిద్రలో గడిచిపోతుంది. డాక్టర్ సరేనంటే ముందుగానే పారాసిటమాల్ వేసుకోండి, లివర్ అంకెలు బాగోలేనివాళ్లు ఎంతవరకు వేసుకోవచ్చో అడగాలి. మొదటి వారాల్లోనే ఇది ఎక్కువ, తర్వాత చాలామందికి తగ్గుతుంది. పొట్ట మీద, తొడ మీద చోటు మారుస్తూ పొడవండి, మచ్చ మీద, లైట్‌కి కమిలిన చోట వద్దు. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, కాబట్టి ఫ్రీజర్ గోడకి ఆనించి పెట్టకండి.

వారంలో లైట్ రోజులు, ఇంజెక్షన్ రాత్రులు ఎలా పేర్చుకోవాలో ముందే గీసుకోండి. జ్వరంతో తెల్లారిన పొద్దునే సోరాలెన్ మింగి వికారంతో క్యాబినెట్‌లో నిలబడితే కళ్లు తిరుగుతాయి. లైట్ సోమ, గురువారాలైతే వారపు ఇంజెక్షన్ శుక్రవారం రాత్రి పెట్టుకున్నారనుకోండి, శనివారం విశ్రాంతి దొరుకుతుంది, సోమవారానికి మనిషి లేస్తాడు. ఇలాంటి చిన్న సర్దుబాటుకే చాలామంది మధ్యలో మానేయకుండా నిలబడతారు.

ఇంట్లోవాళ్లకి ఒక పని అప్పజెప్పండి: మనిషి మాట తగ్గిందా, ఊరికే చిరాకుపడుతున్నారా, నిద్ర పోయిందా, దేని మీదా ఆసక్తి లేదా అని గమనించడం. ఇది లోపలున్నవాళ్లకంటే పక్కనున్నవాళ్లకి ముందు తెలుస్తుంది. నీరసం అనుకుని వదిలేయకుండా వెంటనే ఫోన్ చేయాల్సిన విషయం.

మాత్రలైతే

బెక్సరోటిన్‌తో దాదాపు అందరికీ ఎదురయ్యేవి రెండు. కొవ్వులు, ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు, కొద్ది వారాల్లోనే ఎగబాకుతాయి, బాగా పెరిగితే పాంక్రియాస్ (క్లోమం) వాచిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ పడిపోతుంది. అందుకే చాలామంది డాక్టర్లు బెక్సరోటిన్‌కి ముందే ఫెనోఫైబ్రేట్ లాంటి కొవ్వు మాత్ర, కొద్ది డోసు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలుపెట్టి, మందుని తక్కువతో ఎక్కించి పైకి తీసుకెళ్తారు. జెమ్‌ఫైబ్రోజిల్ మాత్రం దీంతో కలపకూడదు, అది బెక్సరోటిన్ మోతాదుని రక్తంలో పెంచేస్తుంది. ఇంకోటి, ఈ మందు మీద ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) చూసి థైరాయిడ్ డోసు నిర్ణయించడం కుదరదు, ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న అసలు థైరాయిడ్ హార్మోన్) చూడాలి. ఎందుకంటే ఇది పైనుంచి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గరే టీఎస్‌హెచ్‌ని అణిచేస్తుంది. తెలియని డాక్టర్ టీఎస్‌హెచ్ తక్కువుందని థైరాక్సిన్ ఆపేసే ప్రమాదం ఉంది. కడుపు పైభాగంలో వీపులోకి పొడుచుకుపోయే నొప్పి వస్తే మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

తేడా వచ్చినప్పుడు ఏది దేనివల్ల

జ్వరం ఇంజెక్షన్ రాత్రి వచ్చి తెల్లారికి పోతే అది మందుదే. ఇంజెక్షన్‌కి సంబంధం లేని రోజున వచ్చినా, ఒకరోజు దాటి దిగకపోయినా, పుండు పడిన మచ్చ చుట్టూ వేడిగా ఉండి చీము కారుతున్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇంటర్‌ఫెరాన్ తెల్ల కణాల్ని తగ్గిస్తుంది, చెడిన చర్మంలోంచి బ్యాక్టీరియా తేలిగ్గా రక్తంలోకి పోతుంది. తెల్లారేదాకా ఆగకండి.

చర్మం కమిలితే తర్వాతి లైట్‌కి వెళ్లినప్పుడు బట్టలు విప్పకముందే చెప్పండి, డోసు ఆపుతారు లేదా తగ్గిస్తారు. పూవాలో కొందరికి ఎరుపు లేకుండానే చర్మం లోపల సూదులు గుచ్చినట్టు మండే నొప్పి వస్తుంది, గోకినా తగ్గదు. అది కూడా చెప్పాల్సిందే.

సెషన్లు తప్పితే? ఒకటి తప్పితే కొంప మునగదు, అదే డోసు దగ్గర కొనసాగిస్తారు. రెండు వారాలైతే తగ్గించి, నెల దాటితే దాదాపు మొదటి నుంచి ఎక్కించడం సాధారణం. తప్పినదానికి బదులుగా ఎక్కువసేపు నిలబడడం అనేది లేదు.

లైట్‌కి తిరిగేటప్పుడు దురదకని సైక్లోస్పోరిన్, అజాథయోప్రిన్ లాంటి ఇమ్యూనిటీని అణిచే మందులు ఎవరైనా రాస్తే మీ లింఫోమా డాక్టరుకి చూపించకుండా మింగకండి. ఇవి ఈ జబ్బుని రెచ్చగొట్టగలవు, లైట్‌తో కలిస్తే చర్మ క్యాన్సర్ ముప్పునీ పెంచుతాయి.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

నెలకోసారి ఫోటో తీయండి. అదే గోడ, అదే లైటు, అదే దూరం, ముందు, వెనక, పక్కలు, చేతులెత్తి చంకలు. కెమెరా ఫిల్టర్లు తీసేయండి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకి మార్పు తెలియదు, రోజూ చూసి టెన్షన్ పడడమే మిగులుతుంది. డాక్టర్లు వాడే స్కోరు ఎమ్‌స్వాట్: పల్చటి మచ్చ విస్తీర్ణాన్ని ఒకటితో, దళసరి మచ్చని రెండుతో, గడ్డని నాలుగుతో హెచ్చించి కూడతారు. అందుకే మచ్చ సైజు అంతే ఉన్నా చదునైపోయిందంటే అది మెరుగే. లైట్‌తో నల్లబడిన చర్మంలో మిగిలిన గోధుమరంగు మచ్చ జబ్బా, ఉత్త రంగా అన్నది కంటితో తేలకపోతే బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు.

ఫలితానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పైన చెప్పిన 1998 ట్రయల్‌లో పూర్తిగా తగ్గినవాళ్లకి కూడా సగటున నాలుగు నెలల పైనే పట్టింది. మధ్యలో ఒక గడ్డ మాత్రం పెరుగుతూ, మిగతావన్నీ తగ్గుతూ ఉంటే కాంబినేషన్ మొత్తాన్ని పక్కనపెట్టాల్సిన పని లేదు, ఆ ఒక్కదానికి రేడియేషన్ కొద్ది డోసు ఇచ్చి మిగతాది కొనసాగించడం చాలా మామూలు.

ఒళ్లంతా ఎర్రబడిన వాళ్లకి, రక్తంలో కూడా చెడ్డ కణాలు తిరిగే సెజారీ సిండ్రోమ్ వాళ్లకి దారి కాస్త వేరు. వాళ్లకి ఫోటోఫెరిసిస్ అని, రక్తంలోంచి తెల్ల కణాల్ని బయటికి తీసి సోరాలెన్ కలిపి యూవీఏ చూపించి తిరిగి ఎక్కిస్తారు. 1987లో ఫలితాలు వచ్చాయి, 37 మందిలో 27 మందికి మెరుగైంది. దానికి కూడా ఇంటర్‌ఫెరాన్, బెక్సరోటిన్ కలుపుతారు. మొగాములిజుమాబ్ అనే యాంటీబాడీకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాంతో వచ్చే దద్దుర్లు అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే ఉంటాయి, బయాప్సీ లేకుండా మందు పనిచేయలేదని తేల్చేయనివ్వకండి.

ఆపడం కూడా ఒక మెట్టే

మచ్చలు పోగానే మానేయాలనిపిస్తుంది. అలా ఒక్కసారిగా వద్దు. సాధారణంగా తేటపడిన తర్వాత కొన్ని వారాలు అదే జోరు ఉంచి, లైట్‌ని వారానికి రెండు, ఒకటి, రెండు వారాలకి ఒకటి అని దించుతారు. 2019లో వచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో పూవాతో తేటపడినవాళ్లకి తొమ్మిది నెలలు పల్చగా కొనసాగిస్తే జబ్బు లేని కాలం మధ్యస్థంగా 4 నెలల నుంచి 15 నెలలకి పెరిగింది. ఇంకోవైపు ఆ పల్చటి లైట్ కూడా జీవితకాలపు లెక్కలో చేరుతుంది. దేన్ని ముందు తగ్గించాలి, లైటునా మందునా అన్నది కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. లైట్ లెక్క ఎక్కువైపోయినవాళ్లకి లైట్ ముందు దించి ఇంటర్‌ఫెరాన్ కొన్ని నెలలు ఉంచడం నాకు సబబుగా తోస్తుంది, ఇంజెక్షన్‌తో మనసు నలిగిపోయినవాళ్లకి అందుకు తలకిందులుగా.

ఆ లెక్క గురించే చివరిగా. పూవా సెషన్లు 150, 200 దాటేకొద్దీ మామూలు చర్మ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది కాబట్టి డాక్టర్లు ఆ చుట్టుపక్కల గీత గీస్తారు. ఆసుపత్రి మారినప్పుడు పాత లెక్క మీతో రాకపోతే కొత్తవాళ్లు సున్నా నుంచి మొదలుపెడతారు. వెళ్లిపోయేముందే మొత్తం సెషన్లు, మొత్తం జూల్స్ (లైట్ డోసు కొలత) సంతకంతో రాయించుకోండి. మచ్చలు పోయిన తర్వాత కూడా ఏడాదికోసారి ఒళ్లంతా చూపించుకోండి, నెల దాటినా మానని పుండు, కొత్తగా లేచిన గరుకు పొక్కు, రంగు మారుతున్న పుట్టుమచ్చ ఉంటే ఆ ఏడాది పూర్తయ్యేదాకా ఆగకుండా.